అమ్మినది యంత్రమా, నమ్మకమా?

ఇల్లు ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు మన పెద్దలు ఒక పని చేసేవారు. సామానంతా బండికి ఎత్తిన తరువాత మళ్ళీ ఒకసారి లోపలికి వెళ్ళి గూళ్ళన్నీ చేత్తో తడిమి చూసేవారు. అటక మీద ఏదైనా మిగిలిందా, దూలం సందులో దోపిన కాగితం ఏదైనా ఉండిపోయిందా అని వెదికేవారు. పాత బీరువా అమ్మినా అంతే. సొరుగులన్నీ బయటకు లాగి, బోర్లించి, దులిపిన తరువాతే కొన్నవాడి చేతికి ఇచ్చేవారు. బీరువా అమ్ముతున్నాం గాని అందులో దాచుకున్న తాకట్టు కాగితాన్నీ, ఎవరో మన మీద నమ్మకంతో ఇచ్చిన ఉత్తరాన్నీ అమ్మడం లేదు కదా!

ఈ వారం మీతో మాట్లాడదలచినది అటువంటి ఒక సొరుగు గురించే. అది కంటికి కనిపించదు. కంప్యూటర్ లోపల ఉంటుంది. దానిని హార్డ్ డిస్క్ అంటారు. పాత కంప్యూటర్‌ను అమ్మేముందు ఆ హార్డ్ డిస్క్‌ను పూర్తిగా చెరిపివేయడం మన బాధ్యతా, కాదా? ఇదేదో కంప్యూటర్ నేర్చిన కుర్రవాళ్ళు చూసుకునే విషయమనీ, దీనికీ మన విశ్వాసానికీ సంబంధం ఏమిటనీ మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక తప్పు చేసిన తరువాతే ఇది అంతరాత్మకు సంబంధించిన విషయమని నాకు తెలిసివచ్చింది.

కొన్నేళ్ళ క్రితం నేను విచారణకర్తగా ఉన్నచోట కార్యాలయంలో ఒక కంప్యూటర్ ఉండేది. తొమ్మిదేళ్ళు పనిచేసి బాగా నెమ్మదించింది. ఒక దాత కొత్తది కొనిచ్చారు. పాతదానిని పట్టణంలోని ఒక దుకాణానికి మూడు వేల అయిదు వందలకు అమ్మాను. అమ్మేముందు జాగ్రత్త తీసుకున్నాననే నా నమ్మకం. ఫైళ్ళన్నీ ఎంచి డిలీట్ కొట్టాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. తెర మీద ఒక్క ఫైలు పేరు కూడా మిగలలేదు. ఆ డబ్బుతో గాయక బృందానికి ఒక మైకు కొన్నాం. పని అయిపోయిందనుకున్నాను.

నెల రోజుల తరువాత ఒక సాయంత్రం డిగ్రీ చదివే అబ్బాయి ఒకడు మా బంగళాకు వచ్చాడు. మన విశ్వాసి కాదు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“ఫాదర్ గారూ, మీ పాత కంప్యూటర్ నేనే కొన్నానండి. మొన్న పొరపాటున నా ఫొటోలు పోయాయి. పోయిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ప్రోగ్రామ్ ఒకటి వేసి చూశాను. నా ఫొటోలతో పాటు మీ ఫైళ్ళు కూడా వచ్చేశాయండి. నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. రెండు తెరిచి చూసేసరికి ఇవి నేను చూడవలసినవి కావని అర్థమైంది. ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. ఏం చేయమంటారు?”

ఆ రెండింటిలో ఒకటి, ఒక కుటుంబం కోసం నేను రాసిన ఉత్తరం. వారికి గడ్డుకాలం వచ్చినప్పుడు ఆ ఇంటి తల్లి నా దగ్గర కూర్చుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. ఏమిటా సంగతులు అని అడగకండి. ఇక్కడ రాస్తే అదే తప్పును రెండవసారి చేసినవాడిని అవుతాను. ఒక్కమాట మాత్రం చెబుతాను. ఆ అబ్బాయి వచ్చిన వారంలోనే ఆ ఇంట్లో ఒక పెండ్లి మాటలు జరుగుతున్నాయి. ఆ ఉత్తరం ఊళ్ళోకి పొక్కితే ఆ మాటలు అక్కడితో ఆగిపోయేవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ డిస్క్‌లో ఇంకా ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. పెండ్లికి ముందు వధూవరులను విచారించి రాసుకున్న పత్రాలు. ఫీజు కట్టలేని పిల్లల దరఖాస్తులు. ఆస్పత్రి ఖర్చుకు సహాయం అడిగినవారు ఇచ్చిన రిపోర్టుల నకళ్ళు. భార్యాభర్తల తగవుల గురించి పీఠాధిపతులవారి కార్యాలయానికి రాసిన ఉత్తరాలు. ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు. పాపసంకీర్తనంలో విన్నది ఒక్క అక్షరం కూడా అందులో లేదు. దానిని గురువు ఎక్కడా రాయడు, ఎవరికీ ఏ విధంగానూ తెలియనివ్వడు. శ్రీసభ చట్టం 983వ అధికరణ ఆ ముద్రను ఎన్నటికీ విప్పరానిదిగా ఉంచింది. కాని పాపసంకీర్తన పీటం బయట, కార్యాలయం బల్ల దగ్గర, వరండాలో, ఆస్పత్రి మంచం పక్కన మనుషులు చెప్పుకునే మాటలకు అటువంటి ముద్ర లేదు. వాటికి ఉన్న కాపలా అల్లా విన్నవాడి మనస్సాక్షి ఒక్కటే. నా కాపలా ఎంత పలచనిదో ఆ రాత్రి నాకు తెలిసింది.

డిలీట్ చేసినవి ఎలా తిరిగి వచ్చాయి? ఇది మీరూ తెలుసుకోవాలి. విచారణ కార్యాలయంలో జ్ఞానస్నానాల రిజిస్టరు చూసి ఉంటారు. దాని చివర పేర్ల పట్టిక ఉంటుంది. ఏ పేరు ఏ పేజీలో ఉందో ఆ పట్టిక చెబుతుంది. ఎవరైనా ఆ పట్టికను మాత్రం చించేశారనుకోండి. ఫలానావారి పేరు త్వరగా దొరకదు. కాని లోపలి పేజీలలో రాత అంతా అలాగే ఉంటుంది. ఓపికగా ఒక్కొక్క పేజీ తిప్పితే దొరుకుతుంది. మామూలు డిస్క్‌లో మనం డిలీట్ కొట్టినప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే. కంప్యూటర్ ఆ ఫైలు పేరును పట్టికలోంచి తీసివేసి, ‘ఈ చోటు ఖాళీ, కావాలంటే ఇక్కడ కొత్తది రాసుకోవచ్చు’ అని గుర్తు పెట్టుకుంటుంది. కొత్తది వచ్చి దాని మీద పడేదాకా పాత రాత అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ అనేదీ అంతే. పట్టికను కొత్తగా రాస్తుందేగాని లోపలి పేజీలను ముట్టుకోదు. ఆ పేజీలు తిప్పే పని చేసే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. వాటిని వాడడానికి పెద్ద చదువు అక్కరలేదు.

నా వంటి తెలియనివాడు చేసిన పొరపాటేలే అనుకుందామా? అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు 2000, 2002 సంవత్సరాల మధ్య వాడిన హార్డ్ డిస్క్‌లను 158 కొన్నారు. వాటిలో 129 పనిచేశాయి. సక్రమంగా చెరిపినవి ఎన్నో తెలుసా? కేవలం 12. మిగిలినవాటిలో వైద్యానికి సంబంధించిన ఉత్తరాలు, ప్రేమలేఖలు, వేల సంఖ్యలో క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. ఒక డిస్క్ బ్యాంకు ఏటీఎం యంత్రంలోనుంచి వచ్చినది! ఆ ఫలితాలను వారు 2003లో ప్రకటించారు. ఆ తరువాతనైనా లోకం నేర్చుకుందా? 2022 సెప్టెంబరులో మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థకు చెందిన విభాగం మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకున్నది. కారణం, పాత కంప్యూటర్ల డిస్క్‌లను తొలగించే పనిని ఆ విషయంలో ఏ అనుభవమూ లేని ఒక సామాన్ల రవాణా సంస్థకు అప్పగించడం. వాటిలో కొన్ని, ఖాతాదారుల వివరాలు చెరపకుండానే, ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. ఆ వ్యవహారంలో సుమారు కోటిన్నర మంది వివరాలకు రక్షణ లేకుండా పోయిందని అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ చెప్పింది.

అయితే, ప్రియ పాఠకులారా, నేను ఈ మాటలు చెబుతున్నది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. దొంగల భయంతో తలుపు వేసుకోవడం జాగ్రత్త. ఇతరులు మన దగ్గర దాచుకున్నదానిని కాపాడడం న్యాయం. ఈ రెండూ ఒకటి కావు. హార్డ్ డిస్క్ విషయంలో మనం మొదటిదే ఆలోచిస్తున్నాం. ‘నా బ్యాంకు నంబరు ఎవరైనా చూస్తే ఎలా?’ అనుకుంటున్నాం. ‘నా దగ్గర దాచడానికి ఏముంది? తప్పు చేయనివాడికి భయం దేనికి?’ అని కొట్టిపారేస్తున్నాం. కాని మీ కంప్యూటర్‌ను ఒకసారి తెరచి చూసుకోండి. అందులో ఉన్నది మీ సంగతులేనా? చెల్లెలు పంపిన కాన్పు రిపోర్టు లేదా? స్నేహితుడు అప్పు అడుగుతూ రాసిన ఉత్తరం లేదా? బావగారి ఆస్తి పత్రాల నకళ్ళు, పిల్లల ఫొటోలు, పక్కింటివారు ప్రింటు తీసిపెట్టమని ఇచ్చిన సర్టిఫికెట్లు లేవా? మీరు ఉపాధ్యాయులైతే విద్యార్థుల మార్కులు, నర్సు అయితే రోగుల పేర్లు, యువజన సంఘం కార్యదర్శి అయితే సభ్యుల ఫోన్ నంబర్లు ఉంటాయి. మీకు దాచుకోవడానికి ఏమీ లేకపోవచ్చు. వారికి ఉన్నది. వారు మీకు ఇచ్చింది చదవడానికే. అమ్ముకోవడానికి కాదు.

ఏడవ ఆజ్ఞ దొంగిలవద్దని చెబుతుంది. మనది కానిదానిని అమ్మడం ఆ ఆజ్ఞకు విరుద్ధమని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఎనిమిదవ ఆజ్ఞ పొరుగువాని పేరుప్రతిష్ఠలను కాపాడుతుంది. అబద్ధం చెప్పి పరువు తీయడమే కాదు, తగిన కారణం లేకుండా ఉన్న లోపాన్ని బయటపెట్టి పరువు తీయడం కూడా పాపమేనని కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2477) బోధిస్తుంది. నమ్మి చెప్పిన సంగతిని గంభీరమైన కారణం లేకుండా వెల్లడి చేయరాదని కూడా అది (2491) అంటుంది. చెరపని డిస్క్‌ను అమ్మినవాడు ఈ రెండు ఆజ్ఞల గట్టు మీద నిలబడి ఉన్నాడు. తనది కానిదానిని ఇస్తున్నాడు. ఇస్తున్నది ఇంకొకరి పరువును.

‘కావాలని చేయలేదు కదా’ అంటారా? నిజమే. కావాలని చేసినవాడి పాపం వేరు, తెలియక చేసినవాడి పొరపాటు వేరు. కాని తెలుసుకోగలిగి తెలుసుకోకపోతే దానిని ఏమనాలి? శ్రీసభ చట్టం 535వ అధికరణ విచారణ పత్రాలూ రిజిస్టర్లూ పరుల చేతిలో పడకుండా చూసుకోవలసిన పూచీ విచారణకర్తదేనని చెబుతుంది. ఆ చట్టం వచ్చింది 1983లో. ఆనాడు పత్రాలంటే కాగితాలు, చెక్క బీరువా, ఇనుప తాళం. బీరువా పోయి డిస్క్ వచ్చింది. నేను బీరువాకు తాళం వేశాను, డిస్క్‌ను అంగడిలో పెట్టాను. మారింది పాత్ర, బాధ్యత కాదు. అదే చట్టం 220వ అధికరణ ఏ ఒక్కరి మంచిపేరునూ అన్యాయంగా చెరపరాదనీ, వారి ఆంతరంగిక జీవితానికి భంగం కలిగించరాదనీ చెబుతుంది. మన దేశ చట్టమూ ఆ దారిలోనే నడుస్తోంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తీసుకున్న పని తీరిన తరువాత, చట్టప్రకారం ఉంచవలసిన అవసరం లేకపోతే, ఆ సమాచారాన్ని సంస్థలు చెరిపివేయాలంటుంది.

ఈ చట్టాలకన్నా ఎంతో ముందే సీరా జ్ఞానగ్రంథం ఈ సంగతి చెప్పింది. రహస్యాన్ని బయటపెట్టినవాడు నమ్మకాన్ని పోగొట్టుకుంటాడనీ, అతనికి మళ్ళీ ఆప్తమిత్రుడు దొరకడనీ హెచ్చరించింది (సీరా 27:16). చెవిన పడిన మాట నీతోనే చచ్చిపోనీ అన్న భావం కూడా అందులోనే ఉంది (19:10). ఆ మాట నాలుకకు చెప్పినదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు మనకు రెండు నాలుకలున్నాయి. ఒకటి నోటిలో, ఇంకొకటి బల్ల మీద.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న రావచ్చు. చెరిపివేయడం అంటే దాచివేయడమే కదా? దాగినదంతా బయలుపడుతుందని ప్రభువు చెప్పలేదా (లూకా 12:2)? పైగా పెండ్లి సంబంధం విషయంలో అవతలివారికి నిజం తెలియవద్దా?

తెలియాలి. తెలుసుకునే హక్కు ఉన్నవారికి, చెప్పవలసినవారు, చెప్పవలసిన రీతిలో చెప్పాలి. పెండ్లికి అడ్డంకి తెలిసినవారు చెప్పాలనే కదా గుడిలో ప్రకటనలు చదువుతాం! కాని తన కష్టాన్ని తన నోటితో చెప్పుకున్న మనిషికి గౌరవం మిగులుతుంది. అదే సంగతి పాత సామాను కొట్టులోంచి బయటపడితే ఆ మనిషికి ఏమీ మిగలదు. సత్యం అదే, కాని మొదటిది ఒప్పుకోలు, రెండవది దోపిడి. చివరి దినాన దాగినదానిని వెలికితీసేవాడు దయామయుడైన దేవుడు. ఆ పనిని మనం ఎవరో తెలియని కొనుగోలుదారుకు అప్పగించరాదు.

అయినా చెరపకూడనివి కూడా ఉన్నాయి. ఈ మాట గట్టిగా చెప్పకపోతే నేను చెప్పిందంతా కపటమే అవుతుంది. యిర్మీయా ప్రవక్త పలికిన దేవుని మాటలను బారూకు గ్రంథపు చుట్టలో రాస్తే, యెహోయాకీము రాజు దానిని కత్తితో ముక్కలు ముక్కలుగా కోసి కుంపటిలో వేసి కాల్చాడు (యిర్మీయా 36). అతడూ చెరిపివేశాడు. ఎవరి మేలు కోసం? తన మేలు కోసం. మన శ్రీసభలోనూ అటువంటి కుంపట్లు లేకపోలేదు. 2019 ఫిబ్రవరిలో చిన్నపిల్లల రక్షణ గురించి వాటికన్‌లో జరిగిన సమావేశంలో జర్మనీ దేశపు కార్డినల్ రైన్‌హార్డ్ మార్క్స్, పిల్లలపై జరిగిన ఘోరాలను తెలిపే పత్రాలు నాశనం చేయబడ్డాయనీ, కొన్నిచోట్ల అసలు తయారే చేయలేదనీ అందరి ఎదుట ఒప్పుకున్నారు. అదే సంవత్సరం దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు గురువులూ మఠవాసులూ అటువంటి సంగతులు తెలిస్తే శ్రీసభ అధికారులకు తప్పక తెలియజేయాలని శాసించారు. డిసెంబరులో ఆ కేసులపై ఉన్న అధికార రహస్య నియమాన్ని తొలగించారు. కాబట్టి సంఘం డబ్బు లెక్కలు, జ్ఞానస్నాన వివాహ రికార్డులు, నేరానికి సాక్ష్యమయ్యే పత్రాలు, ఎవరికైనా న్యాయం జరగడానికి అవసరమైనవి, వీటిని భద్రంగా వేరే చోటికి నకలు తీసి, అప్పగించవలసినవారికి అప్పగించిన తరువాతే డిస్క్‌ను ముట్టుకోవాలి.

రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? చెరిపే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ‘నేను దీనిని ఎవరి కోసం చెరుపుతున్నాను?’ నన్ను నమ్మిన బలహీనుని కోసమైతే అది న్యాయం. నా తప్పును కప్పిపుచ్చడానికైతే అది యెహోయాకీము కుంపటి.

మరి అంత కష్టమెందుకు, డిస్క్‌ను సుత్తితో పగలగొడితే పోదా? పాడైపోయి పనిచేయని డిస్క్‌కైతే అదే దారి. కాని మంచి డిస్క్‌ను భయంతో పగలగొట్టడం అంత మెచ్చదగిన పని కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాత కంప్యూటర్ల కోసం వెదికే పిల్లలను చూసినవారికి తెలుస్తుంది, మనం పారేసేది ఎందరికి చదువు అవుతుందో. ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ, వాడి పారేసే సంస్కృతిని మందలించింది. సరిగా చెరిపిన కంప్యూటర్‌ను నిశ్చింతగా అమ్మవచ్చు, ఇంకా మంచిది, దానమూ చేయవచ్చు.

అది ఎలాగో క్లుప్తంగా చెబుతాను. మొదట కావలసినవి వేరే చోట భద్రపరచండి. మీ ఈమెయిల్ వంటి ఖాతాలన్నింటినుంచి బయటకు రండి. విండోస్ 10, 11 ఉన్న యంత్రంలో సెట్టింగ్స్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’ అనే చోట ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకుని, మార్పుల దగ్గర ‘క్లీన్ డేటా’ అనేదానికి కూడా అవునని చెప్పండి. ఒకటి కంటే ఎక్కువ డ్రైవ్‌లు ఉంటే అన్నింటికీ వర్తించేలా చూడండి. ఇది గంటల తరబడి పడుతుంది, తొందరపడవద్దు. పళ్ళెంలా తిరిగే పాత రకం అయస్కాంత డిస్క్ అయితే ప్రతి చోటునా ఒక్కసారి పూర్తిగా కొత్త రాత రాస్తే చాలు. 1996లో పీటర్ గట్‌మన్ అనే శాస్త్రవేత్త చెప్పిన 35 సార్ల పద్ధతి ఆనాటి రకరకాల డిస్క్‌ల కోసం. నేడు అంత అవసరం లేదు. ఎస్ఎస్‌డి అనే కొత్త రకం సంగతి వేరు. అది తన భాగాలు అరిగిపోకుండా రాతను ఒకచోటినుంచి మరొక చోటికి మారుస్తూ ఉంటుంది కనుక, పైనుంచి రాసినది అన్ని మూలలకూ చేరుతుందనే నమ్మకం లేదు. తయారుచేసిన సంస్థ ఇచ్చే ‘సెక్యూర్ ఎరేజ్’ సాధనాన్ని దానికి వాడాలి. అన్నింటికన్నా మేలైన మార్గం, యంత్రం కొన్న రోజే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడం. అప్పుడు లోపలి రాత అంతా తాళం వేసిన భాషలో ఉంటుంది. అమ్మేనాడు తాళంచెవిని నాశనం చేస్తే మిగిలేది అర్థంకాని గీతలే. ఈ మధ్య వచ్చిన ఫోన్లలో చాలావరకు ఆ ఏర్పాటు ముందే ఉంటుంది; ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్‌నూ మెమరీ కార్డునూ తీసుకోవడం మరువకండి. అమెరికా ప్రమాణాల సంస్థ 2006లో ప్రచురించి 2014లో సవరించిన మార్గదర్శకాలు చెరిపే పనిని మూడు మెట్లుగా విభజించాయి: తుడవడం, ఇంకా లోతుగా ప్రక్షాళన చేయడం, ధ్వంసం చేయడం. సమాచారం ఎంత సున్నితమైనదో అంత పై మెట్టు ఎక్కాలి. చివరికి, చెరిగిందో లేదో పరీక్షించి చూడండి. నేను చేయనిది ఆ ఒక్క పనే.

ఇక కొన్నవాడి సంగతి. ఆ అబ్బాయిని నేను ఇప్పటికీ మరువలేను. దారి తప్పిన పొరుగువాని ఎద్దును చూసి చూడనట్లు పోవద్దని, దానిని తోలుకుని వెళ్ళి అప్పగించమని పాత నిబంధన ఆజ్ఞ ఉన్నది (ద్వితీయోపదేశ 22:1-3). ఆ గ్రంథం ఎన్నడూ చదవని ఆ పిల్లవాడు దానిని నెరవేర్చాడు. మూడవ ఫైలు తెరవాలని అతనికి మాత్రం అనిపించి ఉండదా? తెరిచినా అడిగేవారు లేరు. అతడు ఆగాడు. డబ్బిచ్చి డిస్క్ కొన్నంతమాత్రాన అందులోని మనుషులను కొన్నట్లు కాదని అతనికి ఎవరో నేర్పారు. పాత ఫోను కొన్నా, ఎవరిదో పెన్‌డ్రైవ్ దొరికినా, ప్రింటు తీసే కొట్టులో ఇంకొకరి కాగితం కంటపడినా, మీరు ఎక్కడ ఆగుతారో ముందే నిర్ణయించుకోండి. మరునాడు అతనూ నేనూ కలిసి కూర్చుని ఆ డిస్క్‌ను మొదటినుంచి చివరిదాకా చెరిపించాం. రెండు గంటలకు పైగా పట్టింది.

అంతటితో నా బాధ్యత తీరలేదు. ఆ తల్లికి చెప్పాలా, వద్దా? చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలియదు. డిస్క్ చెరిగిపోయింది, అబ్బాయి నమ్మదగినవాడు. చెబితే ఆమెకు దిగులు, నాకు సిగ్గు. వారం రోజులు వాయిదా వేశాను. కాని ఇంకొకరికి అన్యాయం చేసినవాడు దానిని సరిదిద్దుకోవాలని ఎన్ని ఆదివారాలు ప్రసంగించి ఉంటాను! చివరికి వెళ్ళాను. జరిగినదంతా చెప్పి క్షమించమని అడిగాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఎవరికి చెప్పుకోవాలో, ఎప్పుడు చెప్పుకోవాలో మాకు తెలుసు ఫాదర్ గారూ. మేము చెప్పుకునేదాకా అది మీ దగ్గరే ఉంటుందనుకున్నాను” అన్నది. ఆ మాటలో కోపం లేదు. మజ్జిగ ఇచ్చింది. క్షమించాననీ చెప్పింది. ఆదివారం పూజకు ఎప్పటిలాగే వచ్చేది. కాని నేను ఆ విచారణలో ఉన్నంతకాలం ఆమె మళ్ళీ కార్యాలయం మెట్లు ఎక్కలేదు.

ఈ వ్యాసం రాసేముందు ఆమెకు ఫోన్ చేసి, చదివి వినిపించి, రాయనా వద్దా అని అడిగాను. “రాయండి, ఇంకొకరైనా జాగ్రత్త పడతారు” అన్నది. ఆ అనుమతితోనే మీ ముందు ఉంచుతున్నాను.

ప్రియ పాఠకులారా, మన పాపాలను దేవుడు ఎలా చెరుపుతాడో ప్రవక్తలు చెప్పారు. వాటిని సముద్రపు లోతులలో పడవేస్తాడనీ (మీకా 7:19), ఇక జ్ఞాపకం చేసుకోడనీ (యెషయా 43:25) చెప్పారు. ఆయన పట్టికను మాత్రమే చించి, లోపలి పేజీలను దాచి ఉంచుకునేవాడు కాదు. అటువంటి దయ పొందిన మనం, మన చేతిలో పెట్టిన సోదరుల బలహీనతలను అరకొరగా చెరిపి అంగడిలో పెట్టవచ్చునా? మీ ఇంట్లో మూలనపడిన పాత కంప్యూటరో, సొరుగులో ఉన్న పాత ఫోనో ఉంటే, ఈ వారంలోనే బయటకు తీయండి. అందులో ఎవరెవరున్నారో ఒక్కసారి తలచుకోండి. వారి కోసం ఒక చిన్న ప్రార్థన చెప్పుకుని, సొరుగులన్నీ బోర్లించి దులపండి. ఆ తరువాతే అమ్మండి.